చిన్న కిటికీలోంచి బోణి

హిమాయత్‌నగర్ నుంచి సేటు ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ఆయన తనంతట తాను ఫోన్ చేసే మనిషి కాదు. "దుకాణం మూసిన బిడ్డా," అన్నాడు ముందు. ఆ దుకాణం మూశారంటే ఏమిటో నాకు తెలుసు. పండుగకు మూయలేదు. బందులకు సగం షట్టరు దించి అమ్మారు. కూతురి పెళ్లినాడు కూడా పొద్దున కాసేపు తెరిచారు. ఆయన తరువాతి మాట చెప్పకముందే నేను స్టవ్ ఆపేసి కింద కూర్చుండిపోయాను. "అవ్వ పోయింది. తక్కెడ తుడుస్త తుడుస్తనే ఒరిగింది," అన్నాడు.

ఆమె నాకు చుట్టం కాదు. మేం కిరాయికున్న ఇంటి ఓనరు, కిరాణం సేటు భార్య. ఊరంతా సేటమ్మ అనేది. నేను అవ్వ అనేదాన్ని. నా కూతురు ఈ భూమ్మీద ఉండడానికి డాక్టరమ్మ ఎంత కారణమో ఆమె కూడా అంతే కారణం. ఈ మాట ఆమె ఉండగా అంటే "ఇగ చాలు తియ్యి, గిరాకి ఉన్నది" అనేది.

హిమాయత్‌నగర్ అంటే పట్నంలోది కాదు. చేవెళ్ల రోడ్డు మీద దిగి, షేర్ ఆటో ఎక్కి లోపలికి పోవలసిన, మొయినాబాద్ మండలంలోని ఊరు. మా ఆయన ఆఫీసులో ఆ పేరు విన్నవాళ్లు మేం బాగా ఉన్నవాళ్లమనుకునేవారు. ఆయనా వాళ్లను సరిదిద్దలేదు.

అవి ఐటీ అని ఎవరు నోరు తెరిచినా ఇళ్ల కిరాయిలు పెరిగే రోజులు. పెళ్లయిన కొత్తలో మేం మెహదీపట్నంలో మూడో అంతస్తు గదిలో ఉండేవాళ్లం. మా ఆయన అమెరికా వాళ్ల ఫోన్లు ఎత్తే కంపెనీలో, నేను డేటా ఎంట్రీలో. ఇద్దరం కంపెనీ క్యాబుల్లో తిరుగుతూ బతుకు మన చేతికొచ్చిందనుకున్నాం. ఆ గదిలోనే మొదటిసారి నా కడుపు నిలవలేదు. మళ్లీ నెల తప్పినప్పుడు డాక్టరమ్మ మెట్లు ఎక్కొద్దు, మంచం దిగొద్దు అంది. దాంతో నా ఉద్యోగం పోయింది. ముడిమ్యాలలో మా అమ్మ పొద్దున చేనుకు పోతే పొద్దుగూకినాకే ఇల్లు చేరేది. మంచంలో ఉన్న మనిషిని చూసుకునే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని మెట్లు లేని గది, అమ్మవాళ్లకు కాస్త దగ్గర, కిరాయి తక్కువ అని వెతుక్కుంటూ అవ్వ దుకాణం వెనకకు వచ్చి పడ్డాం.

ఆ గది అంతకుముందు గోదాము. ఒక తలుపు పెరట్లోకి. వీధివైపు కిటికీ లేదు. దుకాణం గోడలో మాత్రం సరుకు అందించుకోవడానికి పెట్టుకున్న చిన్న కిటికీ ఒకటి ఉంది. దాని చెక్కతలుపుకు గొళ్లెం దుకాణం వైపు. నాలుగు గోడలకూ ఎండుమిర్చి ఘాటు పట్టేసి ఉండేది. నేను తుమ్మినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట పట్టుకునేదాన్ని. తుమ్ముతో బిడ్డ జారిపోతుందేమోనని భయం. నవ్వుకుంటారేమో, నవ్వుకోండి, అప్పుడు నాకు నవ్వు రాలేదు.

నా తుమ్ములు విని అవ్వ మొదటిరోజే మిర్చి బస్తాలన్నీ ముందు వరండాలోకి మార్పించింది. రెండోరోజు వచ్చి గడప దగ్గరున్న నా చెప్పులు చేత్తో పట్టుకుని దుకాణంలోకి నడిచింది.

"అవ్వా, అవి నా చెప్పులు!"

"నడవద్దన్నది గద డాక్టరమ్మ. మరి చెప్పులెందుకు నీకు? తక్కెడ కింద పెడ్త. పిల్లనెత్తుకొని వచ్చి తీస్కపో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గదిని అసహ్యించుకున్నాను, ఆమెనూ అసహ్యించుకున్నాను. మా ఆయన పొద్దున వచ్చి పడుకునేవాడు, సాయంత్రం లేచి బస్సు పట్టుకునేవాడు. లీవు అడిగితే ఉద్యోగమే పోతుందని ఆయన భయం. పగటి నిద్రలో కూడా "హౌ మే ఐ హెల్ప్ యూ" అని కలవరించేవాడు. పక్కన పడుకున్న నాకు నిజంగానే ఏదో ఒకటి అడగాలనిపించేది. బయట ఎకరాలు చేతులు మారుతున్నాయనీ, కనకమామిడి వైపు ఫాంహౌసులు లేస్తున్నాయనీ దుకాణంలోంచి మాటలు వినపడేవి. లోకమంతా ఎటో ఉరుకుతుంటే నేను పైకప్పు రేకుల మీద బల్లిని చూస్తూ పడుకున్నాను.

ఒకరోజు ఇక భరించలేక వట్టికాళ్లతో పెరటి తలుపు దాటి, దుకాణం ముందు ఆగి ఉన్న షేర్ ఆటోలో ఎక్కి కూర్చున్నాను. ముడిమ్యాల పోయి అమ్మ ఒళ్లో పడుకోవాలని తప్ప మరో ఆలోచన లేదు. అవ్వ అరవలేదు. పప్పు తూస్తున్న గిన్నె కింద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన ఎక్కింది.

"పద. నేను గూడ వస్త. నేను గీ దుకాణం దాటక ఎన్నేండ్లయిందో."

"ఎక్కడికవ్వా?" అన్నాడు ఆటో అన్న.

"యాడికన్న. నీ ఆటో నిండినప్పుడు జూద్దాం."

మా దగ్గర షేర్ ఆటో నిండితేగాని కదలదు. ఆ వేళకు ఊళ్లో ఎక్కేవాళ్లు లేరు. కదలని ఆటోలో ఇద్దరం కూర్చుని రోడ్డును చూశాం. గేదెలు పోయాయి, ఇటుకల ట్రాక్టరు పోయింది, ఎవరిదో తెల్ల కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. చాలా రోజుల తరువాత నా ముఖానికి గాలి తగిలింది. అవ్వ తన గురించి అప్పుడే చెప్పింది. పెళ్లయి వచ్చిన కొత్తలోనే అత్తగారు ఆమెను గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టిందట. బిడ్డ పుట్టిన మూడోనాడు, చెవుల్లో దూది తియ్యకుండానే మళ్లీ అక్కడే కూర్చుందట. గోలకొండ ఇంత దగ్గరున్నా చూడలేదట.

"నీదన్న కొన్ని నెలలు బిడ్డా. నేను గా గల్లాపెట్టె ఎనక ముసల్దాన్నయిన," అంది. ఫిర్యాదులాగా అనలేదు, పప్పు ధర చెప్పినట్టు చెప్పింది. మళ్లీ, "నువ్వు ఊకె పండుకున్ననని అనుకుంటున్నవ్. ఊకె పండుకునుడు కాదిది, ఆగుడు. ఆగుడు గూడ పనే," అంది.

ఆటో నిండలేదు. ఇద్దరం దిగి లోపలికి వచ్చాం. ఆ తరువాత నా మంచం ఆ చిన్న కిటికీ పక్కకు మారింది. అవ్వ పగలంతా కిటికీ తెరిచే ఉంచేది. పడుకున్న నాకు ఆమె ముఖం కనిపించేది కాదు. మోచేతి దాకా చెయ్యి, ఆకుపచ్చ గాజులు మాత్రం కనిపించేవి. ఆ చెయ్యి బెల్లం ముక్క అందించేది, పుట్నాలు అందించేది. గిరాకీతో మాట్లాడుతూనే నా కాలి మీద దోమను కొట్టేది.

ఆమె మంచితనం గురించే రాస్తే ఆమే ఒప్పుకోదు. ఎంత పీనాసి అంటే, బస్తాల దారాలు విప్పి ఉండలు చుట్టి దాచేది. ఎంత అబద్ధాలకోరు అంటే, దిష్టి తగులుతుందని నా నెలలు ఎవరికీ నిజం చెప్పలేదు. ఎవరడిగినా రెండు మూడు నెలలు తగ్గించి చెప్పేది. నన్ను చూడకుండా గోడ అవతల నిలబడి అడిగేవాళ్లకు నమ్మక తప్పేది కాదు.

ఆ రోజుల్లో ఒకసారి మా అత్తగారి వైపు చుట్టం ఒకామె నన్ను చూడడానికి వచ్చింది. వాళ్లింట్లో ఒక అమ్మాయి సీమంతానికి తీసుకుపోతున్న పసుపు కుంకుమల పళ్లెం చూపించి, నేను చెయ్యి పెట్టబోతే పళ్లెం పక్కకు జరిపింది. "నీ చెయ్యి ఇప్పుడొద్దులేమ్మా, ఒకటి పోయింది గద," అంది మెల్లగా. ఆమె వెళ్లాక నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నా చెయ్యే అలాంటిదైతే ఈ బిడ్డ మాత్రం ఎట్లా నిలుస్తుంది? అదొక్కటే నన్ను పట్టుకుంది. కిటికీ తెరిచే ఉందన్న సంగతి మరిచిపోయాను.

మర్నాడు పొద్దున సాంబ్రాణి పొగ కిటికీలోంచి లోపలికి వస్తుండగా, ఆ పొగలోంచే అవ్వ చెయ్యి వచ్చింది. అరచేతిలో పసుపు కొమ్ములు.

"ఇవి పట్టుకో. బోణి బేరం వచ్చింది. నీ చేత్తోటి ఇటియ్యి."

వ్యాపారం చేసేవాళ్లకు బోణి అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. రోజులో మొదటి బేరం ఎవరి చేతి మీదుగా జరిగితే ఆ రోజంతా వాళ్ల చెయ్యే. ఆ వేళకు ఒంటి తుమ్ము తుమ్మినవాణ్ణి కూడా సేటు కాసేపు నిలబెట్టేవాడు. అలాంటిది నా చేతి మీదుగానా!

"పొద్దుపొద్దుగాల ఏందే ఇది? బోణితోని ఆటలా?" సేటు గొంతు.

"ఆటలు కాదు. ఆమె చెయ్యి మంచిది."

"నీకెవడు జెప్పిండు?"

"నేను జెప్తున్న."

నేను కొమ్ములు ఆమె చేతిలో పెట్టాను. ఆ రోజు వానకు బస్సులు రాక దుకాణంలో ఈగలు తోలుకున్నారు. సేటు పైకే గొణిగాడు. నేను చెంగు ముఖం మీద కప్పుకున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను. తెల్లారితే మళ్లీ పొగ, మళ్లీ ఆ చెయ్యి, మళ్లీ పసుపు కొమ్ములు. ఆ రోజు మొదటి గిరాకి అడిగింది సబ్బు. అయినా ముందు పసుపు కొమ్ము నా చేతిలోంచి తీసుకుని సబ్బుతో కలిపి ఇచ్చింది. సేటు ఆమెను ఆపలేక, ఆ వేళకు సరిగ్గా పాలప్యాకెట్లు తెస్తానని బయటికి పోవడం మొదలుపెట్టాడు. బోణి అయ్యేదాకా తిరిగొచ్చేవాడు కాదు. చూడకపోతే జరగనట్టేనని ఆయన లెక్క.

ఆ పొద్దుటి పని కోసం నేను ముందే లేచి, ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని ఎదురుచూసేదాన్ని. గది పెద్దదవలేదు. బల్లి అక్కడే ఉంది. మా ఆయన నిద్రలో అమెరికా వాళ్లకు సాయం చేస్తూనే ఉన్నాడు. కానీ రోజుకొకసారి నా చెయ్యి ఆ గోడ దాటేది.

నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. మా ఆయన ఇంకా బస్సులోనే ఉన్నాడు. అవ్వ ఆటో అన్నను పిలిచింది. అతను పళ్లు తోముకుంటూ తాపీగా వచ్చాడు.

"అవ్వా, ఇంక ఆరో నెలేనంటివి గద మొన్న? ఉత్త నొప్పులే ఉంటయి తియ్యి."

"నిండినయిరా! అబద్దం జెప్పిన!"

"మరి నాకు గూడ అబద్దమేనా?"

"నీదేమన్న మంచి దిష్టా? నడువ్!"

అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. ఆటో నిండకుండా కదలడం ఆ ఊళ్లో అదే నేను మొదటిసారి చూడడం. చేవెళ్ల దవాఖాన దాకా అవ్వ నా తల ఒళ్లో పెట్టుకుంది. దుకాణం ఊసు ఎత్తలేదు. పాపను మొదట ఎత్తుకున్నది ఆమే. మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. పాపకు గీరుకుంటుందని అవ్వ దాన్ని తీసి తన బొడ్లో దోపుకుంది. ఆయన పాపను చేతుల్లోకి తీసుకుని నిలబడి ఏడ్చాడు.

ముడిమ్యాలలో బాలింత రోజులు గడిచాక పాపతో తిరిగొస్తే, అవ్వ తక్కెడ కింద నుంచి నా చెప్పులు తీసి దుమ్ము దులిపి ముందు పెట్టింది. నా పాదాలు వాచి అవి పట్టలేదు. "పాదాలే పెరిగినయి, మనిషి గట్లనే ఉన్నది," అంది.

పాప నడిచే వేళకు మేం మళ్లీ పట్నం వెళ్లిపోయాం. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయి చూసేవాళ్లం. ఒకసారి మా ఆయన కారులో గోలకొండ తీసుకుపోతామంటే, గిరాకి ఉందంది. చూడకుండానే పోయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆమె మీద కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది.

దినాలు అయిపోయాక దుకాణం తెరిచే రోజు మేం పొద్దున్నే వెళ్లాం. సేటు షట్టరు ఎత్తి, తక్కెడకు బొట్టు పెట్టి, సాంబ్రాణి వేశాడు. మెట్ల దగ్గర ముగ్గురు నలుగురు గిరాకీలు నిలబడ్డారు. ఒకామె చక్కెర అడిగింది. "జర ఆగుండ్రి," అన్నాడు. పాలకు పోతాడేమో అనుకున్నాను. పోలేదు. నావైపు చూడకుండా గోడ దగ్గరికి నడిచి, చిన్న కిటికీ గొళ్లెం తీశాడు.

"అటుదిక్కు పో బిడ్డా. బోణి గాలె ఇంక."

పెరట్లోంచి చుట్టి లోపలికి వెళ్లాను. ఆ గది మళ్లీ గోదాము అయింది. గడప దాటగానే తుమ్మొచ్చింది. మిర్చి బస్తా మీద చిన్న పళ్లెంలో పసుపు కొమ్ములు ఆయన ముందే పెట్టి ఉంచాడు. రెండు తీసుకుని కిటికీలోంచి చెయ్యి చాపాను. అవతల నుంచి అందుకున్న చేతికి గాజులు లేవు.