పక్కింటి అక్కను నేనన్న మాట

నా చిన్నప్పుడు పుంగనూరు పక్కన మా ఊళ్ళో ఇంటికొక పురుగుల గది ఉండేది. పట్టుపురుగులను వెదురు తట్టల్లో పెంచి, అవి గూళ్ళు కట్టాక మదనపల్లె మార్కెట్టుకు తీసుకుపోయేవాళ్ళు. మేము తిన్నా తినకపోయినా పురుగులకు మాత్రం వేళకు ఆకు పడాల్సిందే. తొమ్మిదేళ్ళ నాకు ఆ ఆకు వేసే పని అప్పజెప్పారు. నాకేమో పని తప్ప అన్నీ ఇష్టం.

పక్కింటి అక్క రోజూ వచ్చి మాకు సాయం చేసేది. ఆమెకు రెండు కాన్పులైనా బిడ్డలు నిలవలేదు. అందుకేనేమో, మా తమ్ముడు ఎప్పుడూ ఆమె చంకలోనే ఉండేవాడు. మా అవ్వ ఆమె ముందు నవ్వుతూ మాట్లాడి, ఆమె వెళ్ళిపోయాక ఆ చెయ్యి మంచిది కాదని గొణిగేది. పిల్లలు వినరనుకునేది. పిల్లలు వినేది అవే.

గూళ్ళు కట్టడానికి వారం ఉందనగా ఒక పొద్దున వాన పడింది. తడిసిన మల్బరీ ఆకును గుడ్డతో తుడిచి, ఆరబెట్టాకే వేయాలి. ఆడుకోవాలన్న తొందరలో నేను నీళ్ళోడుతున్న ఆకునే తట్టల్లో గుమ్మరించాను. అక్క చూసి, గబగబా చేతికందినంత ఆకు తీసేసింది. "తడి ఆకు ఏస్తే పురుగు తట్టుకోలేదమ్మా. ఇంకెప్పుడూ ఎయ్యొద్దు. మీ నాయనకు నేను సెప్పనులే, కొడతాడు" అంది.

మూడో నాటికి పురుగులు మెత్తబడి చచ్చిపోయాయి. గది నిండా కంపు. నాయన చింతబరికె పట్టుకుని వసారాలో నిలబడి, ఎవరు చేశారీ పని అని అరిచాడు. ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారు. తమ్ముణ్ణి ఎత్తుకుని అక్క కూడా ఉంది. "పక్కింటక్క ముట్టుకునింది నాయనా. ఆయమ్మ సెయ్యి పడితే ఏదీ బతకదంట గదా" అన్నాను.

అక్క నా వైపు ఒక్కసారి చూసింది. ఆమె నిజం చెప్పి ఉంటే బరికె నా వీపు మీద పడేది. "బిడ్డనేమనొద్దన్నా, నేనే ముట్టుకుంటిని" అని, తమ్ముణ్ణి కిందికి దించి వెళ్ళిపోయింది. దెబ్బలు తప్పాయని ఆ రోజు నేను సంతోషించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ సంతోషించాను.

తర్వాత ఆమె మా గడప తొక్కలేదు. ఒకసారి బోరింగు దగ్గర తమ్ముడు ఆమెను చూసి రెండు చేతులూ చాపాడు. ఆమె వెనక్కి జరిగి, తన చేతులు కొంగులో దాచుకుంది. నేనన్న మాటను ఆమె నమ్మింది. నేను చేసిన పని ఎలాంటిదో నాకు అప్పుడు తెలిసింది. నిజం ఒప్పుకుందామని రెండుసార్లు ఆమె వాకిలి దాకా పోయి తిరిగొచ్చాను. ఇప్పుడు ఆమె లేదు.

మొన్న మా మహిళా సంఘానికి ఒక పిల్ల ఏడుస్తూ వచ్చింది. ఎందుకూ పనికిరావని మొగుడు రోజూ అంటాడట. "కొట్టినాడా?" అని సంఘంలోవాళ్ళు అడిగారు. "లేదక్కా, మాటలే" అంది. "అట్లయితే ఇంటికి పోమ్మా" అన్నారు. నేను ఊరుకోలేకపోయాను. అదీ కొట్టడమే, ఫిర్యాదులో అట్లే రాసుకోండి అన్నాను. "నీకెట్ల తెలుసు పెద్దమ్మా?" అంటూ నా వంక జాలిగా చూశారు. నేను దెబ్బలు తిన్నదాన్ననుకున్నారు. కాదు, కొట్టినదాన్నని చెప్పడానికి అరవై దాటినా నాకు నోరు రాలేదు.