అరవై ఒకటో నాటి శేషం

జమ్మలమడుగులో లెక్కలు చెప్పిన కృపానందం మాస్టరు ఒకే సంఖ్యతో నాలుగు వందల ముప్పై అయిదు ఉదయాలు గడిపాడు. రెండు మొదలు పందొమ్మిది వరకు గల ఎనిమిది ప్రధాన సంఖ్యలను గుణించి ఒకటి కలిపితే 96,99,691 వస్తుంది. ఆ ఎనిమిదింటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. ఇరవై మూడు మొదలుకొని ఏ ప్రధాన సంఖ్య అయినా దానిని నిశ్శేషంగా భాగిస్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఆ సంఖ్య వర్గమూలం 3,114కు కాస్త ఎక్కువ కనుక అది దాటి వెదకనక్కరలేదు. ఉదయ ప్రార్థన ముగియగానే రోజుకొక భాగహారం చేసి తేదీ, లబ్ధం, శేషం నోటుపుస్తకంలో వ్రాసేవాడు.

అవి పంచాయతీ ఎన్నికల రోజులు. భార్య విజయమ్మ మైలవరంలో పుట్టింట ఉంది. అరవై ఒకటో నాడు ఆయన కళ్లద్దాలు బాగుచేయించుకోవడానికి ప్రొద్దుటూరు తొలి బస్సెక్కాడు. పక్కన దర్జీ నూరుల్లా, ఒళ్లో తాను కుట్టిన తన పార్టీ జెండాల మూట.

“ఏం సార్, ఈ పొద్దు నీ నంబరుకు సెలవిచ్చినావా?”

“సాయంత్రం చేస్తాలేప్పా.”

“ఎవురికీ లొంగలేదంట కదా అది. మన ఊర్లో అట్లాంటోన్ని బతకనియ్యరు సార్.”

ఆ వేళకే జమ్మలమడుగు బజారులో ఎదుటి పార్టీ మనిషిని నరికి చంపారు. ఫిర్యాదులో పదకొండు పేర్లు వ్రాశారు. అక్కడ ఉన్నా లేకున్నా అవతలి పార్టీవారి పేర్లన్నీ చేర్చడం ఆనాటి రివాజు. ఏడవ పేరు నూరుల్లాది. సారు పక్కన బస్సులో ఉన్నానని అతడు చెప్పుకున్నాడు.

మరునాడు జీపు ఆగిన చప్పుడు విని కృపానందం కిటికీలోంచి చూశాడు. పోలీసుల వెనుక, గేటు దగ్గర, ఫిర్యాదుదారుల మనుషులిద్దరు నిలబడ్డారు. ఆయన నోటుపుస్తకం తెరిచి, నిన్నటి తేదీ వేసి, 347 ఎదుట శేషం 212 అని వ్రాశాడు. లబ్ధం వ్రాయడానికి వ్యవధి లేదు. ఇంట్లో లెక్క చేసుకుంటున్నానని చెప్పి పుస్తకం చూపించాడు. నూరుల్లాను కడప జైలుకు పంపారు.

సంవత్సరం దాటాక భాగహారాలు ముగిశాయి. అది ప్రధాన సంఖ్యేనని నిశ్చయించి, శుభ్రమైన ప్రతి వ్రాయమని విజయమ్మకు ఇచ్చాడు.

“ఈడ శేషం ఉండాది, లబ్ధం లేదేంది?”

“మరిచింటాలే. అట్లే ఎక్కించు.”

“మీరు మరిచేవాళ్లా? ఉండండి, నేనే చేస్తా.”

ఆమె భాగించింది. లబ్ధం 27,953. శేషం సున్న.

“ఆ పొద్దు యాడుంటిరి?”

“బస్సులో. నూరుల్లా పక్కన.”

ఆమె కలం మూత పెట్టింది. “గుల్జార్‌బీ మొగుణ్ణి చూసేదానికి వారం వారం కడపకు పోతాంది. మీరు దినామూ భాగిస్తాంటిరి.”

“గేటుకాడ నిలబడినోళ్లు ఈ ఊర్లోనే ఉండారు, విజయా.”

“నూరుల్లా లేడు.”

విచారణ ప్రొద్దుటూరు కోర్టులో జరిగింది. ఆ ఉదయం నూరుల్లా బస్సులో తన పక్కనే ఉన్నాడని కృపానందం సాక్ష్యం చెప్పాడు. ఇంట్లో ఉన్నట్లు మీ పుస్తకమే చెబుతోంది కదా అని ఎదుటి వకీలు అడిగాడు. “ఆ శేషం అబద్ధం. భాగించి చూడండి” అన్నాడు కృపానందం. గుమాస్తా రెండుసార్లు భాగించాడు. రెండుసార్లూ సున్నే.

విడుదలైన వారానికి నూరుల్లా అంగడి తెరిచాడు. కృపానందం వెళ్లి మిషను పక్కన కూర్చున్నాడు. ఆ నాడే సరిగా చేసి ఉంటే లెక్క అక్కడే ముగిసేదని, తక్కిన మూడు వందల డెబ్బై నాలుగు రోజులూ వృథా అని చెప్పాడు.

నూరుల్లా కుట్టు ఆపలేదు.

“నాయి ఇంకో ఇరవై ఎక్కువ, సార్.”