నీలిమందులో మునిగిన సిల్కీ

నా సిల్కీ పెట్ట మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

ఈకలు పట్టుకుచ్చులా ఉండే ఆ సిల్కీ జాతి తెల్ల కోడిని పిల్లప్పటి నుంచీ కోళ్ల అందాల పోటీ కోసమే పెంచాను. మా ఇల్లు బొగ్గు లారీలు తిరిగే పోర్టు రోడ్డు పక్కన. అక్కడ తెల్లనిదేదీ తెల్లగా ఉండదు. అందుకే పోటీ రోజు పొద్దున్నే దానికి షాంపూతో తలంటాను. ఆఖరి నీళ్లలో మా ఆవిడ, నా తెల్ల చొక్కాలకు కలిపినట్టే, నీలిమందు కలిపింది. ముంచి తీస్తే కోడి ఈకలు ఆకాశం రంగులో తేలాయి.

రంగు వేసిన కోడిని పోటీకి రానివ్వరు. ఇంకా రెండు గంటలే ఉంది. రెండుసార్లు కడిగాను. నీలం కాస్త తగ్గింది, కానీ కోడికి వణుకు పట్టుకుంది. సిల్కీ ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి, చలి తగిలితే బతకడం కష్టం. మూడోసారి ముంచబోతుంటే కళ్లు మూసి నా అరచేతిలో తల వాల్చేసింది.

"ఇంకోపాలి ముంచీసినావంటే కప్పు నీకు, కోడి కూరకి," అంది మా ఆవిడ. "ఏటి కావాలో సెప్పు."

నేను తువ్వాలు అందుకున్నాను. ఆమె హెయిర్ డ్రయ్యర్ పట్టుకుంటే నేను ఈకలు విడదీస్తూ కూర్చున్నాను. పోటీ మొదలయ్యే వేళకి కోడి కళ్లు తెరిచి నా వేలు పొడిచింది.

ఒట్టు దాని మీదే వేశాను కదా, దాని ప్రాణం మీదికి రెండోసారి తేలేను. నీలిమందు కలిపింది మా ఆవిడ కాదు, నేనే. "అది సొక్కా కాదు, కోడి," అని మా ఆవిడ అప్పుడే అంటూనే ఉంది.