గొంతు దిగని సంగటి

మా అక్క మొగుడు లారీ డ్రైవరు. కడప బండలు ఎత్తుకుని ఏళ్ళ తరబడి బెంగుళూరుకూ చెన్నైకీ తిరిగిన మనిషి. హోటలు తిండి ఆయనకు పడేది కాదు. దారిలో ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ బండి ఆపి, మూడు రాళ్ళు పెట్టి, చుట్టుపక్కల ఏరిన పుల్లలతో వండుకునేవాడు. ఇంట్లో మాత్రం వంటగది గడప తొక్కేవాడు కాదు. గ్యాసు మీద వండింది ఆయన లెక్కలో వంటే కాదు.

నడుము పట్టేసి లారీ మానుకున్నా ఆ అలవాటు పోలేదు. చలికాలం మొదలవగానే ఫోను చేసేవాడు.

"ఏం రా బామ్మర్దీ, ఏటికి పోదామా?"

వేంపల్లెలో నాకు ఎరువుల అంగడి ఉంది. దానికి తాళం వేసి, కారులో సత్తు గిన్నెలు, పాత లారీ పట్ట, దుప్పట్లు వేసుకుని ఇద్దరం పాపాఘ్ని ఏట్లోకి వెళ్ళేవాళ్ళం. కొండల మొదట్లో ఇసుక వెడల్పుగా పరుచుకున్న చోటు ఒకటుంది. ఏట్లో నీళ్ళు పారే సంవత్సరాలు తక్కువ. ఇసుకలో చెలమ తవ్వుకుంటే గిన్నెలు కడుక్కునే పాటి నీళ్ళు ఊరేవి. పట్టను గుడారంలా కట్టుకుని, రాత్రికి అక్కడే పడుకుని, పొద్దున్నే ఇల్లు చేరేవాళ్ళం.

వంట పెద్దదేమీ కాదు. సంగటీ, నాటుకోడి పులుసూ, పక్కన ఊరిబిండీ. టమోటాలూ ఎండు మిరపకాయలూ నిప్పుల మీద కాల్చి, వేయించిన వేరుశనగ గింజలతో కలిపి రాతి మీద నూరేవాడు. కంప కట్టెల మంట ఎగిసెగిసి పడి, తగ్గి, ఎర్రటి నిప్పులు మిగిలినప్పుడే సంగటి గిన్నె ఎక్కించేవాడు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి గుట్టగా పోసి, నడుమ తెడ్డుతో బొక్క పెట్టి, మూత వేసి వదిలేసేవాడు. ఆ ఆవిరికి పిండి ఉడికే వరకూ కదలనిచ్చేవాడు కాదు. తర్వాత గిన్నెను రెండు పాదాల మధ్య ఇరికించుకుని, గోనెపట్టతో అంచు పట్టుకుని, చెమటలు కారేలా కెలికేవాడు. తడి చేత్తో ముద్ద చేసి నా కంచంలో వేసి, నడుమ గుంట చేసి పులుసు పోసేవాడు. ఉప్పు చూడమని ఎవరినీ అడగడం నేను ఎరగను. వాసనతోనే చెప్పేవాడు.

రెండేళ్ళ కిందట ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మందుల అంగట్లో ఏవో మాత్రలు తెచ్చుకుని మింగాడు. తర్వాత మాత్రలు మింగడమే కష్టమైంది. లారీలో నిద్ర రాకుండా ఉండటానికి బుగ్గన పెట్టుకున్న గుట్కా ఎన్నేళ్ళదో. బెంగుళూరు ఆసుపత్రిలో గొంతు క్యాన్సర్ అన్నారు. ఆపరేషను కుదరదని రేడియేషను కరెంటు పెట్టారు. మెడ చుట్టూ చర్మం కాలిన తోలులా నల్లబడింది. నోట్లో ఉమ్మి ఎండిపోయింది. నాలుకకు రుచి పోయింది. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి, చెంప మీద పట్టీ అంటించి పంపించారు. అక్క రోజూ రాగి జావ పలచగా కాచి, గుడ్డలో వడగట్టి, పెద్ద సిరంజితో ఆ గొట్టంలోకి ఎక్కించేది.

మొన్నటి చలికాలం ముందు మళ్ళీ తీసుకెళ్ళినప్పుడు డాక్టరు మా అక్కనూ నన్నూ లోపలికి పిలిచాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందనీ, ఇక చేసేదేమీ లేదనీ, ఇంట్లో నొప్పి తెలియకుండా చూసుకోమనీ చెప్పాడు. బయట బల్ల మీద కూర్చుని ఉన్న బావ మమ్మల్ని చూసి, "ఏమన్నాడు?" అన్నాడు. అక్క నా ముఖం చూడకుండానే, "తగ్గుతాండాదంట. ఇంగ రెండు నెల్లకు గొట్టం తీసేస్తారంట" అంది. నేను తల ఊపాను. తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా లారీలు చూస్తూ వచ్చాడు.

చలి మొదలయ్యాక ఒకరోజు ఫోను వచ్చింది. గుసగుసలాడినట్టు ఉంది గొంతు.

"ఏటికి పోదాం పా."

అక్క ఒప్పుకోలేదు. "నోట్లో మెతుకు పోదు, నీకు వంటెందుకబ్బా?" అని అరిచింది. ఆయన అటక మీది సత్తు గిన్నెలు దించుకుని, బూడిదతో తోముకుంటూ కూర్చున్నాడు. చివరికి తానూ వస్తానంది అక్క. వాళ్ళ పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. ఏటికి ఆమె రావడం అదే మొదలు.

మధ్యాహ్నం పొద్దు వాలే వేళకు చేరాం. పట్ట నేను కట్టాను. కట్టెలు ఏరుతానంటే వద్దని, నాలుగు అడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ తానే ఏరుకొచ్చాడు. కోడి ముక్కలను ముందు ఉత్త నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు ఒక లోటాడు పక్కకు వంచి మూత పెట్టుకున్నాడు. తర్వాత ఉప్పు వేసి, ఉల్లిగడ్డలు వేశాడు. మసాలా నూరడానికి కూర్చున్నప్పుడు దగ్గు వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. అక్క వీపు రాస్తూ ఉండిపోయింది. దగ్గు తగ్గాక లేచి, మసాలా వేసి, మళ్ళీ గుప్పెడు ఉప్పు వేశాడు. నేను చూశాను. ఆయనకు తెలిసే వేశాడనుకున్నాను.

సంగటి కెలకడం ఆయన వల్ల కాలేదు. తెడ్డు నాకిచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, చేత్తో సైగ చేస్తూ చెప్పాడు. పులుసు మరుగుతూ ఉంటే గిన్నె మీదికి వంగి వాసన చూశాడు. గొట్టం ఉన్న ముక్కుకు ఏం తెలిసిందో. చెంచాడు తీసి అక్కకు చాపాడు.

"ఉప్పు సూడు మే."

అక్క నోట్లో వేసుకుంది.

"సరిగ్గా ఉండాది" అంది.

ఆయన ముఖం వెలిగింది. చాలా నెలలుగా నేను చూడని ముఖం అది. మా ఇద్దరికీ వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు. నేను ముద్ద ముంచి మింగాను. ఉప్పుకు నోరు మండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క తల వంచుకుని తింటోంది. నేనూ తల వంచుకున్నాను. సంగటి నమిలేది కాదు, మింగేది. మా గొంతుల్లోంచి ముద్ద దిగడాన్ని ఆయన కళ్ళార్పకుండా చూస్తున్నాడు. నాకు గుటక వేయడానికి సిగ్గేసింది.

"ఎట్లుండాది రా?"

"బాగుంది బావా."

అప్పుడే ఒక మేకలాయన మందను తోలుకుంటూ ఏట్లో అడ్డంగా వచ్చాడు. కొండ కింది పల్లె మనిషి. అంతకు ముందు కూడా అక్కడ చూసినవాడే. బావ చెయ్యెత్తి పిలిచాడు. ఆ దారిన పోయేవాళ్ళకు ఒక ముద్ద పెట్టకుండా ఆయన ఎన్నడూ వంట ముగించలేదు. అక్క ఏదో అనబోయింది. అప్పటికే బావ కంచంలో వడ్డించేశాడు.

మేకలాయన ముద్ద నోట్లో పెట్టుకోగానే ముఖం చిట్లించాడు.

"ఏమప్పా, ఇంత ఉప్పేసినారు? నాలుక కోసుకుపోతాండాది" అని నవ్వాడు.

మేమెవరం నవ్వలేదు. ఆయన మా ముఖాలు చూశాడు. బావ ముక్కులోని గొట్టం అప్పుడు కనిపించినట్టుంది. "నీళ్ళు పోసి మరగనిస్తే సరిపోతాదిలే అన్నా" అంటూ ఉత్త సంగటి గబగబా తిని, మేకలను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

బావ పులుసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. మళ్ళీ ముంచాడు. ఏమీ తెలియలేదు. వేలిని లుంగీకి తుడుచుకున్నాడు.

"నోరు కాలిపోతాంటే గూడా బాగుండాదని తింటాండారు" అన్నాడు. "ఇంగా ఏమేం దాస్తాండారు నా దగ్గర?"

అక్క కంచం కింద పెట్టింది.

"డాక్టరు ఆపొద్దు ఏమన్నాడు? నిజం చెప్పల్ల."

"తగ్గుతాండాదని..."

"మే. నన్ను సూసి చెప్పు."

అక్క ఆయన్ను చూసింది. ఎంగిలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ఊపిరితిత్తుల సంగతి, ఇక మందు లేదన్న సంగతి, గొట్టం తీయరన్న సంగతి. ఏడవలేదు. ఎవరో ఊరి వాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆయన పొయ్యిలోకి చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక ఒక పుల్ల తీసి నిప్పులు కెలికాడు.

"మరి ఆపొద్దే చెప్తే ఏమయ్యుండు?" అన్నాడు.



ఆయన లేచి, సీసాలో నీళ్ళు పులుసులో పోశాడు. ఇంత చింతపండు పిసికి కలిపాడు. రెండు కట్టెలు లోపలికి తోశాడు. పులుసు మళ్ళీ మరిగాక గరిటెతో మా కంచాల్లో పోసి, "ఇప్పుడు సూసి చెప్పండి" అన్నాడు.

"ఇంగా కొంచెం ఎక్కువే ఉండాది" అంది అక్క.

మళ్ళీ నీళ్ళు పోశాడు. చివరికి అది పులుసు కాదు, చారు. మేం తిన్నాం. తినకపోతే ఊరుకునేలా లేడు.

మేం తినడం అయ్యాక, పక్కన పెట్టుకున్న లోటా అక్క చేతికిచ్చాడు. "ఈపొద్దు జావ వద్దు. ఇది ఎక్కించు" అన్నాడు. అక్క దాన్ని గోరువెచ్చ చేసి, గుడ్డలో రెండుసార్లు వడగట్టి, సిరంజితో మెల్లగా గొట్టంలోకి ఎక్కించింది. సన్నటి గొట్టంలో ఆ కోడినీళ్ళు పసుపుపచ్చగా దిగడం కనిపించింది. ఆయన కళ్ళు మూసుకుని, పొట్ట మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"రుచి తెలీదు గానీ, ఎచ్చగా దిగేది తెలుస్తాండాది" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది అక్క. సిరంజి చేతిలో అట్లాగే పట్టుకుని, చప్పుడు లేకుండా.

ఇంటికి వచ్చిన తర్వాత ఆయన పెద్దగా మాట్లాడలేదు. మాట రాకపోవడం కొంత, ఇష్టం లేకపోవడం కొంత. పొరుగూళ్ళో ఉన్న తమ్ముడిని పిలిపించుకున్నాడు. పొలం గట్టు తగువుతో వాళ్ళిద్దరికీ చాలా ఏళ్ళుగా మాటల్లేవు. ఆ తమ్ముడు వచ్చి మంచం పక్కన కూర్చుని, కాసేపు అన్న కాళ్ళు ఒత్తి వెళ్ళాడు. పెళ్ళయి బద్వేలులో ఉంటున్న కూతురు వచ్చి, ఇక వెళ్ళలేదు. శివరాత్రి దాటిన వారానికి, పగటి పూటే, అక్క జావ వడగడుతూ ఉండగా పోయాడు.

అక్క నన్ను ఇప్పటికీ అడుగుతుంది. "చెప్పకపోయింటే ఆయప్ప ఇంగొన్నాళ్ళు ఉండేవాడేమో రా. తగ్గుతాదనే ఆశతో." ఒక్కోసారి తనే మాట మార్చుకుని, "ముందే చెప్పల్సింది" అంటుంది. రెండు మాటలూ ఒకే పూటలో అంటుంది. అంగట్లో బేరం లేని మధ్యాహ్నాలు నేనూ ఆలోచిస్తాను. ఏది నిజమో తేలదు. ఆమెకు ఏదో ఒకటి చెప్పాలని వెళ్తాను. కాసేపు పక్కన కూర్చుని వస్తాను.