రాచర్ల బరి: భయపడే కుర్రాళ్ల నోరు ఎవరు కట్టారు?

నా చెల్లెలి కొడుకు కొండయ్య రెండు తిరునాళ్లలో కుస్తీ బరి అంచుదాకా వెళ్లి, కడుపులో ఉన్నదంతా కక్కుకుని వెనక్కి వచ్చాడు. మూడోసారీ దిగకపోతే తాలింఖానా గడప తొక్కనివ్వనని వస్తాదు తేల్చి చెప్పాడట. పద్దెనిమిదేళ్లవాడు భయపడితే గురువన్నవాడు దగ్గరికి తీయాలా, గెంటేయాలా? ఆ సంగతి అడగడానికే ఈసారి తిరునాళ్ల రోజుకు రాచర్ల బయలుదేరాను.

నేను రైలెక్కే మార్కాపురం స్టేషను ఊరికి దూరం. తెల్లవారుజామున జట్కా దొరకదు, ముందురోజే మాట్లాడుకోవాలి. కంభం దాటాక కుడిచేతివైపు నల్లమల కనిపిస్తూనే ఉంటుంది. గిద్దలూరులో దిగి ఎద్దులబండి కట్టించుకున్నాను. బండి తోలే ఓబయ్య ఎనిమిదణాలు అడిగి ఆరణాలకు దిగాడు.

"కుస్తీ చూడను పోతా ఉండావా అన్నా?"

"పట్టను పోతున్నా. వస్తాదుతో."

ఓబయ్య నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "అయితే బండి ఇడవకుండా ఉంటాలే. శానాసేపు పట్టదు."

రాచర్ల బరి దగ్గర ఒక ఆచారం. కొత్తగా బరిలోకి దిగే కుర్రాళ్లను పొద్దుటినుంచీ గొర్రెల కొట్టంలో, తడికలు అడ్డుకట్టి, విడివిడిగా కూర్చోబెడతారు. ఎవరూ పెదవి కదపకూడదు. భయం పేరు పలికితే బలం జారిపోతుందట! నోట్లో మూసిపెట్టిన భయం ఎక్కడికి పోతుంది? కడుపులోకి దిగుతుంది. మావాడు కక్కేది మరేమిటి? కొట్టం గుమ్మంలో నిలబడ్డ వస్తాదును అదే అడిగాను.

"మా గురువు పెట్టినాడు. మేమూ అట్లనే దిగినాము," అన్నాడాయన.

"మీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? ఎవురికి చెప్పినాము?"

"చెప్పుకోనివ్వమనే నేనంటున్నది."

ఆయన గుమ్మం వదిలి పక్కకు జరిగాడు. "పో. ఈసారి గూడా కక్కితే నీతోనే తీసకపో."

కొండయ్య మోకాళ్ల మధ్య చేతులు ఇరికించుకుని కూర్చున్నాడు. పక్కన చతికిలబడి మూఢాచారాల మీద ఉపన్యాసం దంచడం మొదలుపెట్టాను. వాడు నా కండువా లాగాడు.

"మామా, వస్తాదేమో మాట్లాడొద్దంటాడు. నువ్వేమో సందియ్యవు. ఇద్దరికీ తేడా ఏంది?"

నోరు మూసుకున్నాను. కాసేపటికి వాడే అన్నాడు: "ఓడిపోతానని గాదు మామా. డప్పు ఇనపడతానే కాళ్లు నావి గావనిపిస్తాది. నాకొక్కడికేనేమో ఇట్ల."

"నాకు చేతులు, అన్నా," అంది తడిక అవతలి గొంతు. కాసేపట్లో వీడితో తలపడవలసిన బేస్తవారిపేట కుర్రవాడు. "పొద్దుటాలనుంచి వణకతానే ఉండాయి."

"అయితే నన్నెట్ల పట్టుకుంటావు?"

"నువ్వు నిలబడితే గదా, పట్టుకునేది."

తడికకు ఇరువైపులా నవ్వులు. గుమ్మంలో ఉన్న వస్తాదు విన్నాడు, గదమాయించలేదు.

డప్పు మోగింది. కొండయ్య బరి అంచున ఆగి పొట్ట పట్టుకున్నాడు. "కాళ్లు వణకతాండాయి," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా. ఆ కాళ్లతోనే దిగాడు. త్వరగానే ఓడిపోయాడు. మన్ను దులుపుకుని వచ్చి వస్తాదు ముందు నిలబడ్డాడు.

"కుడికాలు ఎనక్కి పెట్టింటే పడేటోనివి గాదు," అన్నాడాయన. "రేపు రా, చూపిస్తా."

వస్తాదు మారిపోయాడని నేను రాయను. వచ్చే తిరునాళ్లకు ఆ తడికలు మళ్లీ లేస్తాయి, నేనూ మళ్లీ వెళ్లి పోట్లాడతాను. భయం లేనివాడే మగవాడన్న అబద్ధాన్ని తాతలు తండ్రులకు, తండ్రులు బిడ్డలకు అంటగడుతుంటే ఊరుకోవడం నా వల్ల కాదు. వణుకుతూ దిగినవాణ్ని కళ్లారా చూశాను.

పిల్లల్ని పోటీకి తీసుకువెళ్లేవారికి ఒక్క మాట: ముందురోజు సాయంత్రానికే ఊరు చేరండి. పొద్దున కాస్త జొన్నసంకటి తినిపించి పక్కన కూర్చోండి. వాడు మాట మొదలుపెట్టేదాకా మీరు నోరు విప్పకండి.