రైలు పట్టాల సలహా

కువైట్‌లోని ఫహాహీల్ ఫ్లాట్‌లో నా గదిలో ఉండే అమ్మాయి కూడా నాలాగే నర్సు, మా చర్చి సంఘస్థురాలే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత వీడియో గేమ్‌లో ఇద్దరం చెరో పట్నం కట్టుకునేవాళ్లం. ఒకరోజు ఓ సలహా ఇచ్చింది.

"అక్కా, నీ ఊళ్లో రోడ్లన్నీ తీసేసి రైలు పట్టాలే వెయ్యి. ట్రాఫిక్కే ఉండదు."

తన ఊళ్లో మాత్రం రోడ్లు అలాగే ఉన్నాయి. నా ఊళ్లో జనాభా ఎక్కువని కుళ్లేమో అనుకున్నాను. పట్టాలు వేయలేదు సరికదా, వారమంతా ఆమెతో ముక్తసరిగా మాట్లాడాను.

ఇక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చి ఆరాధనలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం ఉంది. సహోదరి మీద మనసులో ఏదో పెట్టుకుని రొట్టె ముట్టుకోవడానికి నాకు భయం. అందుకే గురువారం సాయంత్రం కూరగాయలు తరుగుతూ అడిగేశాను.

"నా ఊరు పాడుచేద్దామనా?"

"అదేం లేదక్కా. అసలు పనిచేస్తుందో లేదో నాకూ తెలీదు. నా ఊళ్లో వేస్తే పాడైపోద్దేమోనని, ముందు నీ ఊళ్లో చూద్దామనుకున్నా."

అంటే నా అనుమానం సగం నిజమే. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇద్దరం మోకరించి ప్రార్థన చేసుకున్నాం. మనస్ఫూర్తిగానే క్షమించాను. మర్నాడు రొట్టె తీసుకుని, ఇంటికొచ్చి పట్టాలు వేశాం, తన ఊళ్లో. రిమోట్ మాత్రం నేనే పట్టుకున్నాను.