తడి గోడ, అవ్వ అబద్ధం

నా చిన్నప్పుడు నాకు అంతుపట్టని సంగతులు చాలా ఉండేవి. పెద్దయ్యాక చాలావరకు తేలిపోయాయి కానీ, ఒక గోడ సంగతి మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

మాది మర్రిగూడ దగ్గర ఊరు. అమ్మ పురిటికి పుట్టింటికి పోయింది. తమ్ముడు పుట్టాడని కబురొచ్చింది కానీ నేనింకా వాణ్ణి చూడలేదు. మా పాత ఇల్లు వానకు కురిసేది. అందుకని నాయిన పక్కనే ఒక సిమెంటు గది కట్టించి, గోడలకు రంగు వేశాకే తల్లీబిడ్డలను తీసుకొస్తానన్నాడు. గోడ తయారైతే అమ్మ వస్తుంది. నాకు అర్థమైంది అదొక్కటే.

ఆ గోడ దగ్గరే నాకు తికమక. సిమెంటు పూత పూసిన మర్నాటి నుంచి పది రోజులు మా అవ్వ, అంటే నాయిన తల్లి, పొద్దునా సాయంత్రం నాతో దానికి నీళ్లు చల్లించింది. పదకొండో రోజు "ఇంక చుక్క నీళ్లు తగలనియ్యకు, ఎండాలె" అంది. నిన్నటిదాకా తడపకపోతే తిట్టిన మనిషి ఇవాళ తడిపితే తిడతానంటే ఏం చెయ్యాలి?

కొన్నాళ్లకు గోడ మీద తెల్లటి నూగు లేచింది. మా బావి నీళ్లు ఉప్పన. ఆ ఉప్పే పైకి వస్తోందని నాకేం తెలుసు? గోడ మురికైందనుకున్నాను. మురికి గోడకు నాయిన రంగు వేయించడు, అమ్మ రాదు. ఎవరూ చూడకుండా చెంబెడు నీళ్లు కొట్టి, గుడ్డతో రుద్ది కడిగాను. మచ్చ పోయింది. మూడో నాటికి రెండింతలై వచ్చింది. మళ్లీ కడిగాను. ఇరవై రోజులు ఆ గోడా నేనూ పోట్లాడుకున్నాం.

రంగు వేసే రోజు మేస్త్రి వచ్చి గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. "ఇంక పచ్చిగనే ఉంది. ఇప్పుడేస్తే పొరలు పొరలు ఊడొస్తది. ఇంకో నెల ఆగాలె" అన్నాడు. నెల అనేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

నాయినకు కోపమెక్కువ. "ఎవరు తడిపిన్రు గోడను?" అన్నాడు. నా పరికిణీ అంచు ఇంకా తడిగానే ఉంది. అవ్వ దాన్ని చూసింది. నన్ను తన వెనక్కి జరుపుకుని, "నేనే తడిపిన కొడుకా. గట్టిపడాలని ఇంకిన్ని నీళ్లు కొట్టిన" అంది.

ఆమె జీవితమంతా గోడలు అలికిన మనిషి. అలాంటిదాన్ని పట్టుకుని నాయిన మేస్త్రి ముందే, "ముసలితనంల నీకు మతి తప్పింది" అన్నాడు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. బెల్లం ముక్క తిని తినలేదన్నందుకు నా చెవి మెలిపెట్టిన అవ్వ ఇంత అబద్ధం ఎందుకాడిందో నా బుర్రకెక్కలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

మేస్త్రి వచ్చిపోయిన మర్నాడే అవ్వ చీపురు నా చేతికిచ్చింది. గోడ మీది తెలుపును నా వేలికి అంటించి, నాలుక మీద పెట్టుకోమంది. ఉప్పగా ఉంది.

"కడిగితే లోపలికి పోయి మళ్ల వస్తది. వచ్చినకాడికి రానియ్యి. పొడి చీపురుతోటి దులుపు" అంది.

రోజూ దులిపాను. నెల గడిచాక ఉప్పు రాలడం ఆగింది. గోడకు లేత నీలం రంగు పడింది, అమ్మ వచ్చింది. ఇంత కష్టపడి రప్పించుకున్న తమ్ముడు నన్ను చూసి గుక్కపెట్టి ఏడ్చాడు. నాయినకు నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. అవ్వ పోయింది, కొన్నేళ్లకు నాయినా పోయాడు. చెప్పలేకపోయాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మొన్న నల్లగొండలో మా అబ్బాయి కొత్తింటి గోడలు నున్నగా రావడానికి రంగు ముందు తెల్లటి లప్పం పూత పెట్టించాడు. ఆ పచ్చి లప్పం మీద ఐదు వేళ్లతో ఒక చిన్న చేతి గుర్తు పడింది. "ఎవరు చేసిన్రు గీ పని?" అని కోడలు గట్టిగా అడిగింది. నా మనవరాలు తెల్లబడిన చెయ్యి వెనక్కి దాచుకుని నా చీర చాటుకొచ్చింది.

"నేనే బిడ్డా. ఎండిందా లేదా అని చెయ్యి పెట్టి చూసిన" అన్నాను.

కోడలు గోడ మీది గుర్తును చూసింది, ముడతలు పడ్డ నా అరచేతిని చూసింది. లోపలికి వెళ్లిపోయింది. మనవరాలు మాత్రం ఏమీ అర్థంకాక నా ముఖంలోకి చూస్తూనే ఉంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అవ్వ వెనకాల నిలబడ్డ ఆ రోజు నుంచీ అది నా దగ్గరే ఉంది.